అషీల్ చేపలు పట్టే దీవి

2024 జూన్ 24 రాత్రి మనలో చాలామంది టీవీ ముందు నుంచి కదల్లేదు. టి20 ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియా బౌలర్లను ఉతికి ఆరేసి రోహిత్‌శర్మ 41 బంతుల్లో 92 పరుగులు చేసింది ఆ రోజే. మనకు రాత్రి. అక్కడ మాత్రం పట్టపగలు. ఆ స్టేడియానికి డారెన్ సామీ పేరు పెట్టారు. అవును, 2013, 2014లో మన సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడిన సామీయే. ఊరి పేరు గ్రోజ్ ఐలెట్. స్థానికులు 'గ్రోజీలే' అంటారు. దేశం సెయింట్ లూసియా.

మ్యాచ్ అయిపోయింది. టీవీ కట్టేశాం. కానీ కెమెరా చూపించని సంగతి ఒకటుంది. స్టేడియం దాటి సముద్రం వైపు కొంచెం దూరం వెళ్తే జాలర్ల ఊరు. ఇసుకలోకి లాగిపెట్టిన పడవలు, బాదం చెట్ల నీడ, వలలు బాగు చేసుకునే మగాళ్లు. (మన ఇళ్ల ముందు పెద్ద పెద్ద ఆకులతో పెరుగుతుందే, ఆ బాదం చెట్టే. అక్కడ సముద్రపు ఒడ్డంతా అదే.) ఆ ఒడ్డున అషీల్, హెక్టర్ అనే ఇద్దరు జాలర్లు కత్తులు దూసి తలపడతారు. పైకి కనిపించే కారణం పడవలో నీళ్లు తోడే ఓ తుప్పు పట్టిన డబ్బా. అసలు కారణం హెలెన్ అనే పనమ్మాయి.

ఇదంతా జరిగింది ఓ పుస్తకంలో. పేరు 'ఒమెరోస్'. 1990లో వచ్చింది. రాసినాయన డెరెక్ వాల్కాట్, ఆ దీవి వాడే. రెండేళ్లకు ఆయనకు సాహిత్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. హోమర్‌ను గ్రీకులు వాళ్ల భాషలో పిలుచుకునే పేరే ఒమెరోస్. 'ట్రాయ్' సినిమా చూసినవాళ్లకు ఈపాటికి అనుమానం వచ్చే ఉంటుంది. అకిలిస్, హెక్టర్, హెలెన్... మహావీరుల పేర్లు చేపలు పట్టుకునేవాళ్లకు ఎలా వచ్చాయి?

ఆ ప్రశ్నకు జవాబు దొరకాలంటే దీవి మొత్తం తిరగాలి. పెద్ద కష్టమేం కాదు. దాని వైశాల్యం 616 చదరపు కిలోమీటర్లు. 2007లో ఏర్పడినప్పుడు గ్రేటర్ హైదరాబాద్ ఎంతుందో ఇంచుమించు అంతే. జనాభా రెండు లక్షలకు లోపే!

పద్నాలుగుసార్లు చేతులు మారిన అందగత్తె

మన దగ్గర్నుంచి నేరుగా విమానాల్లేవు. లండన్ మీదుగానో అమెరికా మీదుగానో వెళ్లి, దీవికి దక్షిణపు కొసన ఉన్న హ్యువనోరా విమానాశ్రయంలో దిగాలి. హ్యువనోరా అంటే ఇగ్వానాలుండే చోటని అర్థం. ఇగ్వానా అంటే ఉడుముకు దూరపు చుట్టంలా ఉండే బల్లి. యూరప్ ఓడలు రాకముందు ఈ దీవిలో ఉన్న ఆదివాసులు పెట్టుకున్న పేరది. మనుషులు దాదాపుగా తుడిచిపెట్టుకుపోయారు. పేరు మాత్రం విమానాశ్రయం బోర్డు మీద మిగిలింది.

తర్వాత ఫ్రెంచివాళ్లొచ్చారు. వాళ్ల వెనకే ఇంగ్లిష్‌వాళ్లు. ఇద్దరూ కొట్టుకుని కొట్టుకుని, దీవి పద్నాలుగుసార్లు చేతులు మారింది. చివరికి 1814లో బ్రిటన్‌కు దక్కింది. ఇంతమంది మగాళ్లు తనకోసం యుద్ధం చేశారు కదాని దీనికి 'వెస్టిండీస్ హెలెన్' అని ముద్దుపేరు పెట్టారు. స్వాతంత్య్రం వచ్చింది 1979 ఫిబ్రవరి 22న. ఆఫీసుల్లో ఇంగ్లిష్. ఇళ్లలో, సంతల్లో, పడవల మీద 'క్వెయోల్'. ఫ్రెంచి మాటలకు ఆఫ్రికా నడక నేర్పితే పుట్టిన భాష అది. ఏటా అక్టోబరు చివరి ఆదివారం దానికోసం పండగే చేస్తారు.

విమానాశ్రయం నుంచి ఉత్తరాన ఉన్న గ్రోజ్ ఐలెట్‌కు రోడ్డు మీద గంటన్నర పైనే పడుతుంది. ఒకపక్క కొండ, మరోపక్క లోయ. మధ్యలో అరటితోటలు. ఒకప్పుడు ఈ దేశం బతికిందే అరటిపండ్లు ఎగుమతి చేసి. 1990ల్లో ప్రపంచ వాణిజ్య సంస్థ దగ్గర గొడవ మొదలై బ్రిటన్ మార్కెట్‌లో రాయితీలు కరిగిపోయాక ఎందరో రైతులు తోటలు వదిలేశారు. అన్నట్టు, వాళ్ల జాతీయ వంటకం ఉడికించిన అరటికాయ, ఉప్పుచేప! అరటికాయను వాళ్లు 'గ్రీన్ ఫిగ్' అంటారు. అంజూరపండు అనుకుని ఆర్డరిచ్చేరు సుమా.

ఈ రోడ్డు మీదే పుస్తకంలో హెక్టర్ చచ్చిపోతాడు. హెలెన్‌కు నచ్చేలా నాలుగు డబ్బులు సంపాదించాలని పడవ అమ్మేసి వ్యాను కొంటాడు. విమానాశ్రయం నుంచి టూరిస్టులను ఎక్కించుకుని మలుపుల్లో దూసుకెళ్తుంటాడు. సముద్రాన్ని వదిలేశానన్న బాధ లోపల తొలుస్తూనే ఉంటుంది. ఓ రోజు మలుపు తిరగదు, వ్యాను లోయలో పడుతుంది. హోమర్ కథలో హెక్టర్ శవాన్ని అకిలిస్ రథానికి కట్టి ఈడుస్తాడు. ఇక్కడ హెక్టర్‌ను చంపింది అతని రథమే. అషీల్ చేసిందల్లా ఏడవటం.

చెప్పుకుంటే చిల్లర

దీవికి పడమటి తీరంలో సూఫ్రియేర్ పట్నం. దాని పక్కన సముద్రంలోంచి నిటారుగా లేచిన జంట శిఖరాలు. వాటిని పిటాన్స్ అంటారు. రెండూ 700 మీటర్లకు పైబడినవే. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. దేశపు జెండా మీది త్రికోణాలు కూడా ఆ శిఖరాలే. ఆ జెండా గీసింది డన్‌స్టన్ సెయింట్ ఒమర్ అనే చిత్రకారుడు. వాల్కాట్‌కు చిన్ననాటి స్నేహితుడు. పక్కనే గంధకపు ఊటలు. కుళ్లిన కోడిగుడ్డు వాసనతో బురద బుడగలు కక్కుతుంటుంది. 'కారులో వెళ్లి చూడగలిగే అగ్నిపర్వతం' అని టూరిజం వాళ్లు గొప్పగా చెప్పుకొంటారు. వాల్కాట్ మాత్రం తన పుస్తకంలో దాన్ని నరకం చేసేశారు. దీవి భూముల్ని అమ్ముకున్న దళారులు ఆ బురదలో ఉడుకుతుంటారు. అక్కడితో ఆగలేదు. కవుల్నీ అందులోనే పడేశారు. తనూ కాలు జారి పడబోతాడు!

ఇదేదో కోపంతో రాసిన పద్యం అనుకునేరు. రెండు శిఖరాల మధ్య లోయలో పెద్ద రిసార్టు కడతామని బయల్దేరినప్పుడు వాల్కాట్ నిజంగానే బహిరంగంగా వ్యతిరేకించారు. అయినా కట్టారు. 

టూరిస్టుల గొడవ 'ఒమెరోస్' మొదటి పేజీలోనే మొదలవుతుంది. ఫిలోక్టెట్ అనే జాలరి, కెమెరాలు పట్టుకున్న విదేశీయులకు పడవ చెక్కడానికి తెల్లవారుజామున చెట్లెలా నరికామో చెబుతుంటాడు. కథ చెబితే కొంత. ఇంకొన్ని చిల్లర డబ్బులిస్తే కాలి మీది మచ్చ కూడా చూపిస్తాడు. తుప్పు పట్టిన లంగరు గీరుకుని మానకుండా ఏళ్ల తరబడి కుళ్లిన పుండు అది. హోమర్ కాలపు కథల్లోనూ ఫిలోక్టెటిస్ ఉన్నాడు. పాము కరిచి, పుండు కంపు భరించలేక తోటి సైనికులు ఓ దీవిలో వదిలేసి పోయిన విలుకాడు. ఈ ఫిలోక్టెట్‌ను ఎవరూ వదిలేయలేదు. అతనిదే ఈ దీవి. కానీ అతను తన పుండు గురించి ఒక మాటంటాడు. ఇది నా ఒక్కడిది కాదు, మా తాతముత్తాతల కాళ్లకు వేసిన సంకెళ్లు ఒరుసుకుని పడిందని.

మరి మచ్చ చూపించి డబ్బులు తీసుకోవడం తప్పా? పుస్తకం ఆ మాట అనదు. ఒక్క రహస్యం మాత్రం అతను అమ్మడు. పుండు ఎలా మానిందో డబ్బులిచ్చినా చెప్పడు. చెట్టు పేరు చెబితే దాన్నీ కొనేస్తారని భయమేమో!

నిజానికి మాన్పింది మా కిల్మన్. 'నో పెయిన్ కఫే' అని చిన్న దుకాణం నడుపుకొనే ముసలావిడ. ఆదివారం చర్చికి వెళ్తుంది. ఆకుపసరు వైద్యమూ తెలుసు. కానీ ఈ పుండుకు కావాల్సిన ఆకేదో గుర్తురాదు. అవ్వ చెప్పిన పేరు, అవ్వకు అవ్వ ఆఫ్రికాలో నేర్చుకున్న పేరు, మరపు పొరల కింద ఎక్కడో ఉంది. ఓ రోజు చర్చి బట్టల్లోనే అడవిలోకి నడిచి, చీమల బారు వెంట వెళ్లి ఆ మొక్కను పట్టుకుంటుంది. దాని విత్తనం సముద్రం దాటి ఓ పిట్ట కడుపులో వచ్చిందట. పాడుబడిన చక్కెర మిల్లులో బెల్లం కాచిన పెద్ద కాగులో ఆకులు మరిగించి ఫిలోక్టెట్‌కు స్నానం చేయిస్తుంది. బానిసలతో చెరకు ఆడించిన కాగే ఇప్పుడు మందు గిన్నె. పుస్తకం మొత్తంలో నేను రెండుసార్లు వెనక్కి వెళ్లి చదువుకున్న చోటు ఇది.

పేరుకు అర్థమేంటి?

ఇప్పుడు మొదటి ప్రశ్న దగ్గరకు వద్దాం. అషీల్, హెక్టర్, హెలెన్ అనే పేర్లు వాల్కాట్ సరదాకి తగిలించినవి కావు. కరీబియన్ చెరకు తోటల యజమానులు ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలకు తాము బళ్లో చదువుకున్న గ్రీకు, రోమన్ పుస్తకాల్లోంచి పేర్లు పెట్టేవాళ్లు. సీజర్, పాంపే, హెక్టర్... కుక్కపిల్లలకు పెట్టినట్టు. 1834లో బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయింది. పూర్తి విడుదల 1838లో. పేర్లు మాత్రం మనవళ్లకు, మునిమనవళ్లకు పాకాయి. కాబట్టి చేపలు పట్టేవాడి పేరు అకిలిస్ కావడం కవి కల్పన కాదు. అది చరిత్ర మిగిల్చిన వాత.

ఆ వాత ఎంత లోతుందో చెప్పడానికి వాల్కాట్ ఒక కల కన్నారు. ఎండదెబ్బ తగిలి పడవలో సోలిపోయిన అషీల్‌ను ఓ సముద్రపు పిట్ట వెనక్కి తీసుకెళ్తుంది. మూడొందల ఏళ్లు వెనక్కి! ఆఫ్రికాలో నది ఒడ్డున ఓ ఊరు. అక్కడ అఫోలబే అనే పెద్దాయన, తన తండ్రికి తండ్రికి తండ్రి అనుకోండి, ఎదురొస్తాడు. అదే నడక, అవే చేతులు. నీ పేరేంటంటాడు. అషీల్ చెబుతాడు. అర్థమేంటంటాడు. తెలీదంటాడు. మా దగ్గర పేరంటే చప్పుడే, ఎవరో ఇచ్చారు, మేం తీసుకున్నాం అంటాడు. పెద్దాయన కుంగిపోతాడు. ఆయన లెక్కలో అర్థం తెలియని పేరున్నవాడు ఉన్నా లేనట్టే. తండ్రీకొడుకులు ఎదురెదురుగా నిలబడి ఒకరికొకరు నీడల్లా కనిపిస్తారు.

తర్వాత బానిసల్ని పట్టేవాళ్లు ఆ ఊరి మీద పడతారు. ఏం జరగబోతోందో అషీల్‌కు ముందే తెలుసు. ఆపలేడు. అయిపోయిన చరిత్ర కదా.

మెలకువ వచ్చాక అషీల్ మళ్లీ వల విసురుతాడు. అతని పడవ పేరు 'ఇన్ గాడ్ ఉయ్ ట్రూస్ట్'. 'ట్రస్ట్' అనే మాటకు తప్పు స్పెల్లింగ్. ఎవరో చదువుకున్నవాడు నవ్వితే, అలాగే ఉండనీ, ఆ స్పెల్లింగ్ దేవుడిదీ నాదీ అంటాడు. ఒకరిచ్చిన పేరును మోసినవాడు తనకంటూ రాసుకున్న ఒక్క మాట అది.

బొగ్గుబుట్టల దారి

రాజధాని కాస్ట్రీస్. పెద్ద రేవు, వెనక కొండ. ఇప్పుడు ఆ రేవులో అపార్ట్‌మెంట్లంత క్రూయిజ్ ఓడలు ఆగుతాయి. పట్నం మధ్యలో చౌరస్తాకు ఒకప్పుడు కొలంబస్ పేరుండేది. 1993లో దాన్ని డెరెక్ వాల్కాట్ స్క్వేర్‌గా మార్చారు. పక్కనే పెద్ద కెథడ్రల్. లోపల గోడల మీద సెయింట్ ఒమర్ వేసిన బొమ్మలు. వాటిలో దేవదూతలూ సాధువులూ నల్లగా ఉంటారు.

వాల్కాట్ ఈ పట్నంలోనే 1930 జనవరి 23న పుట్టారు. మనకు నేతాజీ జయంతి రోజు. విచిత్రమేంటంటే ఆ దేశానికి వచ్చిన మరో నోబెల్, 1979లో అర్థశాస్త్రంలో సర్ ఆర్థర్ లూయిస్‌ది. ఆయన పుట్టిందీ కాస్ట్రీస్‌లోనే, జనవరి 23నే, 1915లో! రెండు లక్షల మంది లేని దేశానికి రెండు నోబెళ్లు. ఏటా జనవరిలో ఇద్దరి పేరా ఉత్సవాలు చేసుకుంటారు. 

వాల్కాట్‌కు ఏడాది నిండాక కాసేపటికే తండ్రి వార్విక్ పోయారు. సరదాగా బొమ్మలు గీసేవాడు, పద్యాలు రాసేవాడు. తల్లి ఆలిక్స్ బడిపంతులమ్మ. బట్టలు కూడా కుట్టేది. డెరెక్, కవల సోదరుడు రోడెరిక్, ఒక అక్క. పద్నాలుగో ఏట డెరెక్ పద్యం అచ్చయింది, స్థానిక పత్రిక 'వాయిస్ ఆఫ్ సెయింట్ లూసియా'లో. అది దైవదూషణంటూ ఓ ఫాదరీ అదే పత్రికలో పద్యంలోనే తిట్టిపోశారు. పద్నాలుగేళ్ల కుర్రాడికి ఇంతకంటే ప్రచారం ఏం కావాలి? పద్దెనిమిదో ఏట పుస్తకం వేసుకుంటానంటే తల్లి ఎక్కడెక్కడివో కూడబెట్టి రెండొందల డాలర్లు ఇచ్చింది. '25 పద్యాలు' అచ్చు వేయించి, వీధి మలుపుల్లో తెలిసినవాళ్లకు అమ్మి ఆ డబ్బు వెనక్కి తెచ్చాడు. అదే 1948 జూన్‌లో కాస్ట్రీస్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి పట్నంలో చాలా భాగం బూడిదైంది.

ఒకప్పుడు ఈ రేవు ఆవిరి ఓడలకు బొగ్గు నింపే చోటు. బొగ్గు మోసింది ఆడవాళ్లు. ఒక్కో బుట్ట యాభై కిలోలు. నెత్తిన పెట్టుకుని, ఓడ పక్కన వేసిన ఇరుకు చెక్కల మీదుగా వరసగా పైకెక్కడం, గుమ్మరించి దిగడం, మళ్లీ ఎక్కడం. బుట్టకింతని చిల్లర పైసలు. ఓడ పైనుంచి ప్రయాణికులు వింతగా చూసేవాళ్లు.

'ఒమెరోస్'లో వాల్కాట్‌కు చనిపోయిన తండ్రి కనిపిస్తాడు. ముప్పైల్లో పోయినవాడు కదా, ఆ వయసులోనే ఉంటాడు. కొడుక్కి అప్పటికే జుట్టు నెరిసింది. కొడుకు కంటే చిన్నవాడైన తండ్రి, కొడుకును రేవు దగ్గరకు నడిపించుకెళ్లి ఆ ఆడవాళ్ల బారును చూపిస్తాడు. నువ్వు రాసేది వాళ్ల అడుగుల్లా నడవాలంటాడు. ఆ అడుగులకు నోరు లేదు, నీ పని అదీ అంటాడు. పద్యానికి ఉన్నవీ పాదాలే, మనిషికి ఉన్నవీ పాదాలే. ఇంగ్లిష్‌లో కూడా ఈ రెంటికీ ఒకే మాట. వాల్కాట్ దాన్ని వదల్లేదు. తెలుగులో చదువుకుంటే ఆ చోటు మనకు ఇంకా సులువుగా అందుతుంది.

హోమర్ రాజుల కోసం రాశాడనుకుంటే, ఇది మోసేవాళ్ల కోసం రాసిన ఇతిహాసం అన్నమాట.

హెలెన్ ఏమంటుంది?

ఇంతకీ హెలెన్ సంగతి చెప్పనేలేదు. పచ్చగౌను వేసుకుని ఒడ్డు వెంట తలెత్తి నడిచే అమ్మాయి. ఆ గౌను యజమానురాలు మాడ్ ఇచ్చిందా, ఈమె కాజేసిందా? ఇద్దరూ చెరో మాటా చెబుతారు. పని మానేసింది. హోటల్లో చేరితే అక్కడి మగాళ్లు చేతులేశారు. అదీ మానేసింది. కడుపుతో ఉంది. బిడ్డ అషీల్‌దో హెక్టర్‌దో ఆమెకే తెలీదు.

మాడ్ మొగుడు మేజర్ ప్లంకెట్. రెండో ప్రపంచయుద్ధంలో గాయపడి ఈ దీవిలో పందుల ఫారం పెట్టుకున్న ఇంగ్లిష్ పెద్దమనిషి. హెలెన్ మీద పైకి చెప్పుకోలేని మోజు. ఆ మోజును పెద్దమనిషి తరహాలో తీర్చుకోవాలని దీవి చరిత్ర రాయడం మొదలెడతాడు. ఆమెకు చరిత్ర లేదు, నేనిస్తానని! పాత కాగితాలు తిరగేస్తుంటే 1782 ఏప్రిల్‌లో జరిగిన సెయింట్స్ యుద్ధం దొరుకుతుంది. ఇంగ్లిష్ అడ్మిరల్ రోడ్నీ గ్రోజ్ ఐలెట్ అఖాతం నుంచే బయల్దేరి ఫ్రెంచి నౌకాదళాన్ని ఓడించాడు. అందులో పట్టుబడ్డ ఫ్రెంచి నాయకుడి ఓడ పేరు 'విల్ ద పారిస్'. పారిస్! ట్రాయ్ హెలెన్‌ను లేపుకుపోయినవాడి పేరు. మేజర్ ఆనందానికి అవధుల్లేవు. (ఓడ పేరు నిజమే. యుద్ధమూ నిజమే. చూడాలనుంటే గ్రోజ్ ఐలెట్ పక్కనున్న పిజన్ ఐలాండ్ ఎక్కండి. రోడ్నీ కోట శిథిలాలు అక్కడే ఉన్నాయి. ఒకప్పుడు విడి దీవి. 1970ల మొదట్లో గట్టు పోసి కలిపేశారు.)

విశ్వవిద్యాలయాల్లో ఈ పుస్తకాన్ని 'పోస్ట్‌మోడర్న్ ఇతిహాసం' అంటారు. ఆ మాట వినగానే పేజీ తిప్పేయకండి. అర్థం చాలా మామూలుది. కథ చెప్పేవాడు మధ్యలో ఆగి, నేనీ కథ ఎందుకు ఇలా చెబుతున్నాను, చెప్పే హక్కు నాకుందా అని తనను తనే నిలదీసుకోవడం. వాల్కాట్ తానే పాత్రగా దిగి, తను కల్పించిన మాడ్ అంత్యక్రియలకు హాజరవుతారు. హోమర్ ఎదురుపడితే, అయ్యా మీ పుస్తకం నేను పూర్తిగా చదవలేదని ఒప్పేసుకుంటారు! నోబెల్ కవికే ఆ ధైర్యం ఉంటే మనకేం? నేనూ ఒప్పుకొంటాను. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఓ ఆదివారం కొన్న 'ఒమెరోస్'ను మొదటిసారి ముప్పై పేజీల్లో పక్కన పడేశాను. ఏడు భాగాలు, అరవై నాలుగు అధ్యాయాలు, మూడేసి పాదాల పద్యాలు. మధ్యలో లిస్బన్, లండన్, డబ్లిన్, అమెరికా ఆదివాసుల మైదానాలు. ఆ ప్రయాణాలు ఇప్పటికీ నాకు సాగదీతగానే అనిపిస్తాయి. కథ మళ్లీ గ్రోజ్ ఐలెట్ ఒడ్డుకు వచ్చిన ప్రతిసారీ ఊపిరి పీల్చుకున్నాను.

చివరికొచ్చేసరికి కవి ఒక నిజం ఒప్పుకొంటారు. మేజర్ ఆ అమ్మాయికి చరిత్రను తొడిగాడు. నేను గ్రీకు సాహిత్యాన్ని తొడిగాను. ఇద్దరం చేసింది ఒకటే. మా కిల్మన్ కొట్టు ముందు ఇద్దరు జాలర్లు తిట్టుకుంటుంటే నాకు ట్రాయ్ యుద్ధమే ఎందుకు వినపడాలి? ఆమెను ఆమెలాగా, పొద్దున్నే ఎండలో నడిచిపోయే అమ్మాయిలా ఎందుకు చూడలేకపోయానని. అన్ని వందల పేజీలు కట్టిన మేడకు కట్టినవాడే గునపం వేయడమంటే మాటలు కాదు. ఇలియడ్‌కు ఇది అనుసరణ అని ఎవరన్నా అంటే ఆయన ఊరుకునేవారు కాదు. ఎందుకో ఈ చోట తెలుస్తుంది.

మనకు ఈ తగువు కొత్త కాదు. 'మళ్లీ రామాయణమా?' అన్న ప్రశ్న విశ్వనాథ విన్నారు. రంగనాయకమ్మ 'విషవృక్షం' అని తిరగరాశారు. ఓల్గా 'విముక్త'లో సీత పక్కన కూర్చుని విన్నారు. కాకపోతే రామాయణం మన పెరట్లో చెట్టు. వాల్కాట్‌కు హోమర్ తోట యజమాని పుస్తకాల బీరువాలోంచి వచ్చినవాడు. అమ్మమ్మ, నానమ్మ బానిసల సంతతి. తాతలిద్దరూ తెల్లవాళ్లు. బీరువా కూడా తనదేనా కాదా అని జీవితమంతా తేల్చుకోవలసిన పరిస్థితి.

ఫెలిసిటీలో రావణుడు

ఇక్కడ మనవాళ్లు కథలోకి వస్తారు. బానిసత్వం పోయాక చెరకు కొట్టడానికి కూలీలు కావాల్సి వచ్చి బ్రిటిష్‌వాళ్లు భారతదేశం మీద పడ్డారు. 1845 మే 30న మొదటి ఓడ ట్రినిడాడ్ చేరింది. 1917 దాకా లక్షా నలభై వేల మందికి పైగా ఆ ఒక్క దీవికే వెళ్లారు. సెయింట్ లూసియాకు 1859 నుంచి నాలుగు వేల పైచిలుకు. ఎక్కువమంది బీహార్, ఉత్తరప్రదేశ్ ప్రాంతాలవాళ్లు. కరీబియన్‌కు వెళ్లిన మద్రాసు ఓడల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు.

1992 డిసెంబరు 7న స్టాక్‌హోమ్‌లో నోబెల్ ఉపన్యాసం ఇవ్వడానికి నిలబడిన వాల్కాట్ దేంతో మొదలుపెట్టారో తెలుసా? హోమర్‌తో కాదు. రామలీలతో! ట్రినిడాడ్‌లో చెరకు పొలాల అంచున ఫెలిసిటీ అనే చిన్న ఊరు. అమెరికా నుంచి వచ్చిన స్నేహితులను వెంటబెట్టుకుని అటు వెళ్లారు. మైదానంలో పిల్లలు విల్లంబులు పట్టుకుని వేషాలు వేసుకుంటున్నారు. వెదురుతో కట్టిన పెద్ద బొమ్మ నిలబడి ఉంది. చివరి రోజు తగలబెడతారు. మొదట ఆయనకు అది దిగులుగా కనిపించిందట. ఎక్కడో పోగొట్టుకున్న దేశం, ఏనుగులు, గుళ్లు, వాటి నీడను పట్టుకుని ఏడుస్తున్నారేమో అని. ఆ వెంటనే సిగ్గుపడ్డారు. వాళ్లు ఏడవడం లేదు. పండగ చేసుకుంటున్నారు. నాటకం ఆడటమూ లేదు. నమ్ముతున్నారు. అప్పుడే తను ఇంగ్లండ్‌లో ఓ నాటకశాల కోసం 'ఒడిస్సీ' రాసి వచ్చారు, అందరికీ యులిసిస్ కథ తెలుసులే అన్న ధీమాతో. ఇక్కడ పక్క ఊళ్లో ఆడే రాముడి కథ మాత్రం తనకు తెలియదు. భారతీయులకు తప్ప ట్రినిడాడ్‌లో ఎవరికీ తెలియదు. ఆ సంగతి ఆయన దాచుకోలేదు.

పగిలిన కూజా ముక్కలను అతికించేవాడికి దాని మీద ఉండే ప్రేమ, అది పగలనప్పటి ప్రేమ కంటే గట్టిదన్న అర్థం వచ్చేలా ఆ రోజు ఆయన మాట్లాడారు. కరీబియన్‌లో ఆఫ్రికా ముక్క, ఆసియా ముక్క, గ్రీకు ముక్క... అన్నీ పగిలి వచ్చినవే.

కొండ మీద

శుక్రవారం రాత్రి గ్రోజ్ ఐలెట్‌లో వీధులకు వీధులే పండగ. వాహనాలు ఆపేస్తారు. స్పీకర్లు, బొగ్గుల మీద చేపలు, చికెన్, రమ్. టూరిస్టులకు అదో తప్పనిసరి కార్యక్రమం అయిపోయింది. ఊళ్లోవాళ్లకూ నాలుగు రాళ్లు. వెళ్లాలనుకుంటే డిసెంబరు నుంచి మే దాకా మంచిది. జూన్ నుంచి నవంబరు వరకు తుపాన్ల భయం. చెట్టును తొలిచి చేసే పాతకాలపు పడవ కనిపిస్తే కాసేపు ఆగి చూడండి. ఇప్పుడు ఫైబర్ పడవలే ఎక్కువ.

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ వంద మీటర్ల పరుగులో జూలియన్ ఆల్‌ఫ్రెడ్ బంగారు పతకం గెలిచింది. ఆ దేశానికి వచ్చిన మొట్టమొదటి ఒలింపిక్ పతకం అదే. ఆమెది కాస్ట్రీస్.

వాల్కాట్ చాలా ఏళ్లు బోస్టన్‌లో పాఠాలు చెప్పారు. గ్రోజ్ ఐలెట్‌కు దగ్గర్లో సముద్రానికి ఎదురుగా ఇల్లు కట్టుకున్నారు. నీటిరంగుల బొమ్మలు వేసేవారు, తండ్రిలాగే. 2017 మార్చి 17న ఆ ఇంట్లోనే పోయారు. ప్రభుత్వ లాంఛనాలతో కాస్ట్రీస్ వెనకున్న మోర్న్ ఫోర్ట్యూన్ కొండ మీద సమాధి చేశారు. ఒకప్పుడు ఫ్రెంచివాళ్లూ ఇంగ్లిష్‌వాళ్లూ దీవి కోసం కొట్టుకు చచ్చిన కోట అదే. అక్కణ్నుంచి కిందికి చూస్తే రేవు కనిపిస్తుంది, బొగ్గుబుట్టల ఆడవాళ్లు ఎక్కి దిగిన రేవు. ఓడ వచ్చిందంటే ఆటోస్టాండు దగ్గర మనవాళ్లలాగే వ్యాన్లవాళ్లు బిలబిలమంటూ మూగుతారు, పిటాన్స్‌కు వస్తారా, గంధకపు ఊటలకు వస్తారా అంటూ.